వాల్వులు వెలిగే వైపు

నా చిన్నప్పుడు, చిలకలగూడలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే కనిపించే రోజుల్లో, మేమున్న ఇంట్లో రెండు వాటాలుండేవి. ఒకదాంట్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన మా కుటుంబం ఉండేది. రెండోదాంట్లో తాతల కాలం నుంచీ ఈ ఊళ్లోనే ఉంటున్న, నేను అక్కా అని పిలిచే ఆమె కుటుంబం. అక్కకు అప్పుడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. గిటార్ మాత్రం అంతకుముందు నుంచే వాయించేది. వాళ్ల నాన్న పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాడిన పాత ఆంప్లిఫయర్ ఆమె దగ్గర ఉండేది. స్పీకరు కూడా లోపలే ఉన్న ఆ పెట్టెకు వెనక పలక సగం తెరిచే ఉండేది. లోపల వాల్వులు, అంటే చిన్న గాజు బుడ్లు, వేడెక్కాక ఎర్రగా వెలిగేవి.

దసరాకు ముందు వాళ్ల వాటాకు సున్నాలు వేయిస్తూ ఆ పెట్టెను మా ముందుగదిలో ఉంచారు. పండుగనాడు మా నాయనమ్మ కుట్టుమిషనుకూ నాన్న స్కూటరుకూ పూజ చేసి, దానికీ చేసింది. వాద్యాన్ని ఊరికే వదిలేయడం ఆమెకు తెలియదు.

పండుగ వెళ్లిన వారానికి అక్క ఆఫీసులో వేడుక. అందరి ముందూ ఆమె మొదటిసారి వాయించాలి. ఆ మధ్యాహ్నం ఆంప్లిఫయర్ తీసుకెళ్లడానికి ఆఫీసు స్నేహితులిద్దరు తమ గిటార్, స్పీకరు ఆటోలో వేసుకుని వచ్చారు. చూద్దామని అక్క మా గదిలోనే వాయిస్తే, లావు తీగ మీద రెండు స్వరాల దగ్గర గరగరమని రొద. మిగతావన్నీ శుభ్రంగానే పలుకుతున్నాయి.

స్నేహితుల్లో ఒకడు వెంటనే తేల్చేశాడు. "ముసలి డబ్బా, దీని పని అయిపోయింది. ఇగ సీడీ పెట్టి నడిపిద్దాం. నువ్వు ఊకె చేతులు ఊపు."

అక్క ముఖం పాలిపోయింది. కేబుల్ మార్చింది, అవే రెండు స్వరాలు మీటింది. రొద పోలేదు. స్నేహితుడి గిటార్ తగిలించింది, మళ్లీ అవే స్వరాలు. పెన్సిల్ వెనక వైపుతో వాల్వులను ఒక్కొక్కటే తట్టి వింది, దాచుకున్న వేరే వాల్వులు పెట్టి చూసింది. ప్రతిసారీ ఒక్కటే మార్చేది, తేడా లేకపోతే పాతదాన్ని మళ్లీ పెట్టేసేది. చివరికి ఆంప్లిఫయర్ తీగలను స్నేహితుడు తెచ్చిన వేరే స్పీకరుకు కలిపింది. రొద మాయమైంది. "వాల్వులు మంచిగనే ఉన్నయ్. స్పీకర్లనే ఏదో ఉంది" అంటూ పెట్టెను వెనక్కి వంచి కుదిపింది.

పసుపు రంగు బియ్యపు గింజలు జలజలా నేల మీద రాలాయి. వాటితోపాటు ఎండిన బంతిరేకులు. పండుగకు ముందే వాల్వులు వెలుగుతుండగా నాయనమ్మ ఒకసారి చూసింది. దీపాలున్న వైపే దాని ముందువైపనుకుని, పూజలో అక్షింతలన్నీ అటే చల్లింది. అవి వెళ్లి స్పీకరులో అదిరే కాగితానికీ దాని ఇనుప చట్రానికీ మధ్య చేరాయి. లావు స్వరం మోగినప్పుడల్లా కాగితం మీద ఎగిరిపడుతున్నాయి.

"అరే, ఆంప్‌కు సుత అన్నం పెట్టిన్రా ఏంది!" అని వాళ్లిద్దరూ పగలబడి నవ్వారు.

నాయనమ్మ గుమ్మంలోనే ఉంది. ఆమె మాట్లాడకుండా ఉంటే బాగుండునని నేను లోపల మొక్కుకుంటున్నాను. ఆమె మాట్లాడింది. "నానే ఏసినానమ్మా. దసరా పూట ఒట్టినే వదిలీకూడదని... పాడైపోనాదేటి?"

ఆ యాసకు వాళ్లు మళ్లీ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. ఆ ముసలామె ఎవరో నాకు తెలియనట్టు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. నాయనమ్మ చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

అక్క మెత్తని కుంచెతో మిగిలిన గింజలను ఊడ్చి, తీగలను పాత స్పీకరుకే కలిపి, మళ్లీ ఆ రెండు స్వరాలూ మీటింది. గంటలా పలికాయి. పెట్టెను ఆటోలో పెట్టమని స్నేహితులను పంపేసి, గిటార్ పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను.

"అవ్వా, నా గిటార్‌కు బొట్టు పెట్టనే లేదు నువ్వు. స్టేజీ మీదికి పోతున్న, భయమైతుంది. జెర పెట్టవా?"

నాయనమ్మ కుంకుమ భరిణె తీసింది. తీసి, వేలు అద్దకుండా, నా వైపు చూసింది. పెట్టనా అని అడుగుతున్నట్టు, పెడితే నాకు మళ్లీ తలవంపులవుతుందేమోనన్నట్టు చూసింది. కిటికీ దగ్గర నేను నిలబడిన తీరు ఆమె చూసేసిందని అప్పుడు తెలిసింది. నేను తలదించుకున్నాను.

వేలు అద్ది, ఎప్పుడూ రూపాయంత పెట్టే బొట్టును ఆవగింజంత పెట్టింది. "గింతేనా అవ్వా? కనబడాలె గద!" అని అక్క నవ్వించబోయింది. నాయనమ్మ నవ్వలేదు.

ఆ సాయంత్రం అక్క బాగా వాయించిందని విన్నాను. ఆ సంతోషంలో నాకు భాగం లేకుండా పోయింది. రొద ఎక్కడుందో ఓపికగా వెతికిన అక్క, అది ఎవరి వల్ల వచ్చిందో తెలిశాక ఆ మనిషినే దీవెన అడిగింది. ఆ మనిషి సొంత రక్తమైన నేను, అదే గదిలో ఉండి, ఒక్క మాట కూడా అనలేకపోయాను.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ నలుగురిలో మా వాళ్లెవరైనా నోరు తెరిస్తే, వాళ్లేం మాట్లాడతారో అని కాదు, అప్పుడు నా ముఖం ఎలా ఉందో అని భయపడతాను. వాళ్లు మాట్లాడి ముగించేదాకా కళ్లు పక్కకు తిప్పను.