ఎంగిలి పరీక్ష

ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిలో పరుపు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు చీరలు విప్పి చూపడం నా పని. పాతికేళ్ళుగా విప్పుతున్నాను. నేను విప్పిన చీరలన్నీ కొసకు కొస ముడేస్తే భూమికి ఒక చుట్టు తిరిగి, మిగిలిన ముక్క చంద్రుడికి పంచెగా సరిపోతుంది. ఇంత విప్పినా నా మాట నమ్మినవాళ్ళు లేరు. వాళ్ళు నమ్మేది తమ ఉమ్మిని.

చీర రంగు పోతుందో లేదో చూడటానికి మావైపు ఒక పద్ధతి ఉంది. బొటనవేలిని నాలుక మీద అద్ది, చీర అంచును గట్టిగా రుద్ది, వేలికి రంగు అంటిందేమో చూసుకుంటారు. పక్కనే నీళ్ళ గ్లాసు పెడతాను. ఆ నీళ్ళు తాగేసి మరీ వేలు నాకుతారు. చుక్క వాన పడక బోర్లన్నీ గాలి కక్కిన ఏడాదిలో కూడా ఈ తడికి కరువు రాలేదు. ఇన్నేళ్ళ ఉమ్మినంతా కాలవలో పారించి ఉంటే ముదిగుబ్బ మండలమంతా ఏడాదికి రెండుసార్లు శెనక్కాయ పండేది.

వేలితో ఆగినవాళ్ళు నయం. జరీ అసలుదో కాదో తేల్చడానికి అంచును దవడ పళ్ళతో కొరికిన పెద్దమనిషిని చూశాను. కొంగుతో మెడ మీది చెమటంతా తుడుచుకుని, "మెత్తగానే ఉండాది, వద్దులే" అని లేచిపోయినామెను చూశాను. ఒక కుటుంబమైతే ఉడకేసిన శెనక్కాయలు పరుపు మీదే ఒలుచుకుని తిని, పొట్టునంతా చీరల మడతల్లో దాచిపెట్టి పోయింది. ఆ పొట్టు దులపడం కూడా నా ఉద్యోగంలో ఒక భాగమైపోయింది.

వీళ్ళందరికీ మహారాణి ఒక అవ్వ. పోయిన పెళ్ళిళ్ళ కాలంలో, మనవడి పెళ్ళికి ముహూర్తం చీర తీయడానికి కంబదూరు వైపు పల్లె నుంచి వచ్చింది. కట్టుకోబోయే పిల్లనూ బలగాన్నీ వెంట తెచ్చుకుంది. మిగతా బలగమంతా పక్క పరుపు మీద పంచెలు చూస్తోంది. అవ్వ బుగ్గలో ఆకువక్క ఉండ చిన్న కొబ్బరికాయంత ఉంది. ఆమె మాట్లాడితే నా చొక్కా మీద ఎర్రటి తుంపర వాన.

ముప్పై చీరలు విప్పాను. ముప్పైకీ పరీక్ష జరిగింది. పిల్ల ఒక్కదాని మీదా చెయ్యి వేయలేదు. ముప్పై ఒకటోది వంకాయ రంగు, చిలకపచ్చ అంచు. మగ్గం దిగి వారం కాలేదు, ఆ రంగులో అదొక్కటే. పిల్ల దాని మీద అరచెయ్యి పెట్టింది, చాలాసేపు తీయలేదు. ఇక బేరం తెగినట్టేనని నాకు అర్థమైంది. ఈలోగా అవ్వ వేలు నాకి అంచును రుద్దింది. చీర రంగు వేలికి అంటలేదు. వేలి ఎరుపే చీరకు అంటింది, చింతగింజంత.

అవ్వ ఇంకో పది చీరలు విప్పించాక పిల్ల మెల్లగా ఆ వంకాయ రంగుదే లాగి పైన పెట్టింది. అవ్వ అద్దాలు పెట్టుకుని అంచు మీదికి వంగింది.

"ఏమప్పా, ఇది ఎవురో నాకిన చీర. ముహూర్తానికి ఎంగిలి చీర చూపిస్తాండావా?"

"లేదవ్వా, ఇప్పుడే గదా మడత విప్పినా."

"మరి ఈ మరక యాడ్నుంచి వచ్చె? దేవుని ముందర పెట్టే చీర ఇది. తీసెయ్."

పిల్ల చెయ్యి వెనక్కి పోయింది. ఆ ముఖం చూడలేకపోయాను. ఆ నోరు నీదేనవ్వా అంటే, కాబోయే కోడలి ముందు పెద్దావిడ పరువు తీసినట్టు. బలగమంతా లేచిపోతుంది. అనకపోతే ఆ పిల్ల తన పెళ్ళికి అవ్వ ముందే నచ్చి పక్కన పెట్టించిన ఇటుకరాయి రంగు చీర కట్టుకుని పీటల మీద కూర్చోవాలి. గద్దె మీద నుంచి మా సావుకారు అప్పటికే నన్ను కళ్ళతో వేయించుకు తింటున్నాడు.

నాలో కోతి ఊరుకోలేదు.

"సరేలే అవ్వా. ఈ పక్క అంచు చూస్తివి. ఆ పక్కది రంగు పోతాదేమో చూడనే లేదే?"

పరీక్ష అనే మాట చెవినపడితే అవ్వ ఆగలేదు. వేలు నాలుక మీదికి పోయింది, అంచు మీదికి వచ్చింది. అక్కడా చింతగింజంత ఎర్ర మరక, మొదటిదానికి కవల. అవ్వ ఈ అంచు చూసింది, ఆ అంచు చూసింది, చివరికి తన బొటనవేలు చూసుకుంది. పక్క పరుపు మీద పంచెలు చూస్తున్న తలలన్నీ ఇటు తిరిగాయి. నేను పెట్టిన మంటకు నాకే చెమటలు పట్టాయి.

అప్పుడు పిల్ల మొదటిసారి నోరు విప్పింది.

"అవ్వది ఎంగిలి ఎట్లయితాదన్నా? రెండు పక్కలా దీవెన పెట్టింది. ఇదే కట్టియ్యి."

అవ్వ ముఖం పెనం మీది సద్దరొట్టెలా పొంగింది. మరకలు తుడిచిస్తానని గుడ్డ తీస్తే, "దీవెన తుడుస్తావేమప్పా?" అని నా చెయ్యి కొట్టింది. తర్వాత నా మీద జాలి కలిగింది ఆమెకు. "పాపం, పొద్దుట్నుంచి నానా తిప్పలు పడతాండావు" అంటూ రొంటిన దోపుకున్న ఆకువక్కల తిత్తి తీసింది. ఆకు పరిచింది. అదే బొటనవేలితో సున్నం రాసింది. వక్క పెట్టి మడిచింది. మడత ఊడకుండా నాలుకతో ఒక తడి అద్ది, నా మూతి ముందు పెట్టింది.

"ఏసుకోప్పా."

బిల్లు ఇంకా కొట్టలేదు. గద్దె మీది తల, వేసుకో అన్నట్టు కిందికి ఊగింది. నేను పిల్ల వైపు చూశాను. వంకాయ రంగు చీరను రెండు చేతులా ఒళ్ళో అదిమి పట్టుకుని ఉంది.

"ఏసుకోన్నా" అంది, నవ్వు ఆపుకుంటూ. "రంగు పోదులే."

నేను నోరు తెరిచాను.