నల్ల కారు తాగిన నీళ్ళు

1998 వేసవి. భీమవరం ఊరి చివర, ఐసు ఫ్యాక్టరీలు దాటాక నా షెడ్డు ఉండేది. ఆ రోజుల్లో నాకు వచ్చే పనిలో ఎక్కువ భాగం రొయ్యల చెరువులదే. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు, డీజిల్ ఇంజన్లు, మేత మోసే వ్యాన్లు. కార్లు తక్కువ, పాత కార్లు మరీ తక్కువ. అందుకే రామభద్రరాజు గారి నల్ల కారు వచ్చిందంటే పక్క కొట్లవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళేవారు.

అది ఇంగ్లండులో తయారైన బండి. రాజు గారి నాన్న గారు మద్రాసులో కొని తెచ్చారట. వాళ్ళ పల్లెలో పురుడొచ్చినా పాము కరిచినా ఆ కారే ఆస్పత్రికి బయలుదేరేది. తండ్రి పోయాక రాజు గారు కూడా ఆ ఆనవాయితీ వదల్లేదు. కారు ఇంటిదే అయినా ఊరందరిదీ అన్నట్టే ఉండేది.

అంతకు ముందు చలికాలంలో ఒకసారి ఆ బండి వేడెక్కుతోందని తెచ్చారు. ఇంజను వేడిని నీళ్ళు మోసుకొచ్చి రేడియేటర్లో చల్లార్చుకుంటాయి. ఆ రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయి ఉన్నాయి. విప్పించి శుభ్రం చేయించాను. నీళ్ళను సమయానికి వదిలే చిన్న కవాటం ఉంటుంది, థర్మోస్టాట్ అంటాం, అదీ మార్చాను. బండి హాయిగా వెళ్ళిపోయింది.

వేసవిలో మళ్ళీ వచ్చింది. ఈసారి లారీకి కట్టి లాక్కొచ్చారు. వెనకాలే రాజు గారు వచ్చారు. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పదిహేను రోజుల కిందట ఒక పొద్దున, చెరువుల దగ్గర కాపలా ఉండే వెంకన్నకు గుండెనొప్పి వచ్చిందట. భార్య మంగమ్మతో సహా కారెక్కించి భీమవరం తీసుకొస్తుంటే సగం దారిలో ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. ఇంకో బండి దొరికి ఆస్పత్రికి చేరేసరికే వెంకన్న ప్రాణం పోయింది.

"ముందే తెచ్చినా ఏమయ్యేదో చెప్పలేమన్నారండి డాక్టరు గారు," అన్నారు రాజు గారు స్టూలు మీద కూర్చుని. "కానీ మేస్త్రీ గారూ, మొన్ననే కదా మీరు బాగు చేశారు. మళ్ళీ ఎందుకు ఆగిందో నాకు తెలియాలండి. కారు కోసం కాదు. మంగమ్మ అడిగితే నేనేదో ఒకటి చెప్పాలి కదా."

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాను. ఫ్యాను బెల్టు బిగువుగానే ఉంది. నీళ్ళ పంపు బాగుంది. ఇంజను తలకీ ఒంటికీ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయిందేమో అనుకున్నాను. అదీ కాదు. రేడియేటర్ విప్పి చూస్తే, చలికాలంలో తళతళలాడిన గొట్టాల నోళ్ళకు మళ్ళీ తెల్లటి పక్కు కట్టింది.

ఇంజను పక్కన ఇనుప బిళ్ళల్లాంటివి ఉంటాయి, కోర్ ప్లగ్గులంటాం. అవి తీస్తే లోపల నీళ్ళు తిరిగే దారి కనబడుతుంది. వెనక వైపుది కొట్టి తీశాను. నీళ్ళు రాలేదు. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే తుప్పు కలిసిన తెల్లటి ముద్ద ఊడి చేతిలో పడింది. రేడియేటర్లో మిగిలిన నీటిచుక్క ఒకటి నాలుక మీద వేసుకున్నాను. ఒకటే ఉప్పు!

రాజు గారితో వచ్చిన డ్రైవరు సుబ్బయ్యను పిలిచాను. "ఈ బండికి ఏ నీళ్ళు పోస్తున్నావయ్యా?"

అతను రాజు గారి వైపు చూశాడు. "ఇంటి బోరు నీళ్ళేనండి. రేడియేటరు కొద్దిగా కారుతుంది కదండీ, రోజూ కాస్త పోయాలి. ఇదివరకటి నుంచీ ఆ నీళ్ళేనండి."

"ఉప్పగా ఉన్నాయని తెలీదా?"

"తెలుసండి," అన్నాడు తల దించుకుని. "ఇంజనుకేం రుచి తెలుస్తుందిలే అనుకున్నానండి."

"ఆ బోరు నీళ్ళు ఉప్పగా ఉండటమేంటి?" అన్నారు రాజు గారు. "మా నాన్న గారు వేయించినప్పుడు కొబ్బరినీళ్ళలా ఉండేవి." ఆయన ఇంట్లో తాగడానికి పట్నం నుంచి క్యాన్లు వస్తాయి. ఆ బోరు నీళ్ళు ఆయన నోట పడి చాలా ఏళ్ళయింది. "రండి, చూద్దాం," అని లేచారు.

నన్ను ఇంటికి తీసుకెళ్ళి, బోరు నీళ్ళు పుక్కిలించి ఉమ్మేశారు. ఆ తర్వాత నేను చెప్పకుండానే చెరువుల గట్టు మీదుగా కూలీల పేటకు నడిచారు. రొయ్యల కోసం ఉప్పు నీళ్ళు పెట్టిన ఆయన చెరువులు రెండు ఆ పేటను ఆనుకునే ఉన్నాయి. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి అక్కడివాళ్ళకు చేతిపంపే దిక్కు. పంపు దగ్గర మంగమ్మ బిందె పెట్టి కొడుతోంది. ఆయన్ని చూసి ఆగింది. రాజు గారు దోసిలి పట్టి నోట పోసుకున్నారు. మింగలేకపోయారు.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"మీరు చెరువులు తవ్విన రెండో ఏడు నుంచేనండి."

"నాకు చెప్పలేదేం?"

"ఎలా చెప్తామండి? మా ఆయనకి జీతం వచ్చేది ఆ చెరువుల మీదే కదండీ."

రాజు గారు పంపు గట్టు మీద కూర్చున్నారు. "మంగమ్మా, ఆవేళ కారు ఆగింది ఈ ఉప్పు వల్లేనట. నేలలోకి ఇంకిన నా చెరువుల ఉప్పు."

ఆమె చెరువు వైపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. "మనిషి పోయాక తెలిసి ఏం చేసుకుంటానండి," అంది. "ఈ పంపు సంగతి చూడండి. పిల్లలు తాగుతున్నారు."

చెరువుల్లో ఉన్న రొయ్యల పంట పట్టాక పేట పక్కనున్న రెండు చెరువులకూ రాజు గారు గండి కొట్టించి, పూడ్పించారు. భాగస్తులు గొడవ పడి విడిపోయారు. మంచినీళ్ళ చెరువు నుంచి పేటకు గొట్టం వేయించారు. చెరువులు పూడ్చిన నేలలో వరి నాటిస్తే పసుపెక్కి చచ్చిపోయింది. మరుసటి ఏడూ అంతే. ఆ నేల మళ్ళీ కంకి పట్టడానికి ఏళ్ళు పట్టింది. చేతిపంపు నీళ్ళు మాత్రం నాకు తెలిసినంతవరకు తీపెక్కలేదు.

ఇంజను మొత్తం విప్పి, లోపలి పక్కు అంతా గీకి బిగించాను. ఆ కారు మళ్ళీ దారిలో ఆగలేదు. మంగమ్మ మాత్రం దాన్ని ఇంకెప్పుడూ ఎక్కలేదని సుబ్బయ్య చెప్పాడు.

ఆ కేసు తర్వాత నా పని తీరు మారింది. బండి ఏదైనా, పానా పట్టుకునే ముందు దాన్ని నడిపేవాడితో కూర్చుంటాను. రోజూ ఏం పోస్తావు, ఎక్కణ్ణుంచి తెస్తావు అని అడుగుతాను. చెప్పడానికి జంకుతున్నాడనిపిస్తే, యజమానిని కాసేపు బయట కూర్చోమని, మళ్ళీ అడుగుతాను.