చివరి పావురం

మా చిన్నాయన బీరన్నంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు. ధారూర్ దగ్గరి మా ఊళ్లో అన్నదమ్ములు గొర్రెలు పంచుకుంటుంటే, తనకు డేగ చాలని చేతులు దులుపుకున్నాడు. జాగీర్దారు వేటడేగల్ని సాకే పని ఆయనది. ఆ మరుసటేడే జాగీర్లు పోయాయి, దొర హైదరాబాదు వెళ్లిపోయాడు. చిన్నాయనకు మిగిలింది అడవిలో తానే వలవేసి పట్టి, మచ్చిక చేసుకున్న ఒక్క డేగ. అది కొట్టిన కౌజుపిట్టల్ని తాండూరు సంతలో అమ్మితేనే ఆయనా, మా చిన్నమ్మ బుగ్గమ్మా ఇంత జొన్న గటక తాగేది.

ఆ చలికాలం డేగ తిండి మానేసింది. రెక్క విప్పి చూస్తే ఈకల మొదళ్లలో పేలు. ఓస్ ఇంతేనా అనుకుని చిన్నాయన పొగాకు నీళ్లతో కడిగాడు. పేలు రాలిపోయాయి గానీ, అది మాంసం ముక్కను అందుకుని తల విదిలించి పారేస్తూనే ఉంది. నోరు తెరిచి చూస్తే నాలుక కింద పెరుగు గడ్డకట్టినట్టు తెల్లటి పొర.

జబ్బుపడ్డ డేగకు వెచ్చటి పావురం మెడ పెట్టడం డేగల్ని సాకేవాళ్ల అలవాటు. చిన్నమ్మ ముద్దుగా పెంచుకున్న పావురాల్ని తానే తెచ్చిచ్చింది.

"కొయ్యి. మెత్తగుంటది, గొంతు దిగుతది" అంది కళ్లు తుడుచుకుంటూ.

రోజుకొకటి కోశారు. తెలుపు లోపలికి పాకింది. చిన్నాయన డేగను ఒళ్లో పెట్టుకుని బీరప్పకు మొక్కాడు, దొరను తిట్టాడు, నన్నూ తిట్టాడు. మధ్యలో నేనేం చేశానో!

చివరి పావురాన్ని పట్టుకుంటే అది నోరు తెరిచింది. దాని గొంతులోనూ అదే తెలుపు.

చిన్నాయన కత్తి కింద పెట్టాడు. పావురాన్ని వదిలేశాడు.

"మందనుకొని రోగం మీద రోగమే పెట్టిన బిడ్డా. మీ చిన్నమ్మకు చెప్పకు, పానం ఇడుస్తది" అన్నాడు నాతో. ఆమె వచ్చి పావురమేదని అడిగితే చెయ్యి జారి ఎగిరిపోయిందన్నాడు. పొద్దుగూకేలోపు డేగ ఆయన చేతుల్లోనే పోయింది.

ఆ తర్వాత ఇద్దరూ తాండూరు గనుల్లో బండలు మోశారు. నడుం నొప్పి పుట్టినప్పుడల్లా చిన్నమ్మ అదే మాట ఎత్తేది.

"నీ చెయ్యి జారకుంటే డేగ బతుకుతుండె."

"అవునే, బతుకుతుండె" అనేవాడు చిన్నాయన, బండ నెత్తికెత్తుకుంటూ.