నూరువరహాల గుత్తి

కాలవలకు నీళ్ళు వదలని ఆ వేసవిలో, పొద్దున్నే గుడివాడ బస్సెక్కాను. ఒళ్ళో సంచి నిండా నూరువరహాల పూలు. పక్క సీట్లోని ముసలావిడ, ముక్కూ మొహం తెలియని మనిషి, "ఎవరింటివి?" అంది.

"గోడ బయటికొచ్చినవేనండీ. పూజకి."

ఆవిడ ఒక పువ్వు తీసి, లోపలి కాడ లాగి, చివరనున్న తేనెబొట్టు చూపించింది. "అన్నీ ఎండిపోయినా ఇదొక్కటే పూస్తంది. తేనెపిట్టలకి ఇదే తిండి. ఒక్క గుత్తయినా వదిలావా అమ్మాయ్?"

"దేవుడికండీ!" అని అరిచాను.

"ఆయన తింటాడా?" అనేసి కంకిపాడులో దిగిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. దారంతా ఆవిడని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు మా గోడ పక్కనా ఆ చెట్టుంది. పొద్దున్నే సంచులతో వచ్చేవాళ్ళని నేనూ అదే అడుగుతున్నాను. నిన్న ఒకావిడ నన్ను తిట్టిపోసింది. ఆ తిట్లన్నీ నాకు తెలిసినవే.