తరవాణి కాచిన తెలివి

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ తప్పు జరిగినా అది ఎవరో ఒకరి నెత్తిన పడాల్సిందే. పడ్డవాళ్ళు మోసేవారు, మిగతావాళ్ళు అన్నం తినేవారు. నేను అన్నం తిన్నవాణ్ణి. మా వదిన కాపురానికి వచ్చిన నెల తిరక్కుండానే మా తరవాణి కుండ చెడిపోయింది. దాన్ని చెడగొట్టినవాణ్ణి నేను, మాట పడింది ఆమె. ఇంత చిన్న సంగతి బయటికి చెప్పడానికి నాకు ఇరవయ్యెనిమిదేళ్ళు పట్టింది. ఇప్పుడైనా వివరంగా రాసి పెట్టకపోతే మా పిల్లలు కూడా పాత కథే నమ్ముతారు.

మాది మందస దగ్గర పల్లె. జీడితోట, కొబ్బరిచెట్లు, కొంచెం వరి. ఇంట్లో అందరికంటే పెద్ద మర్యాద తరవాణి కుండది. వంటింటి మూల ఇసక మీద కూర్చునేది. రోజూ వార్చిన గంజి, బియ్యం కడుగు అందులో పడేవి, దబ్బాకులు నాలుగు తేలుతుండేవి. రాత్రి అన్నం ఆ పులుపులో నాని పొద్దున్నకి మా అందరి పొట్టల్లోకీ చేరేది, పచ్చిమిరపకాయతో, ఉల్లిపాయతో. శుక్రవారం నాడు కుండ కడిగి పసుపు రాసేవారు గాని, అడుగు పులుపు మాత్రం గిన్నెలోకి తీసి మళ్ళీ కుండలోనే పోసేవారు. అదే తోడు. మా అమ్మకి అది వాళ్ళ అత్తగారు ఇచ్చింది, ఆవిడకి వాళ్ళ అత్తగారు. కోడలు వచ్చాక ఒక శుక్రవారం కుండకి బొట్టు పెట్టి ఆమె చేతికి అప్పగించడం మా ఇంటి ఆచారం. తాళాలిచ్చినా ఇవ్వకపోయినా కుండ ఇచ్చారంటే కోడలు ఇంటి మనిషైనట్టు. మా వదినకీ అలాగే ఇచ్చారు. టెక్కలి పిల్ల, ఇరవై ఏళ్ళది, కుండని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మూలన పెట్టింది.

అప్పటికి నేను పలాసలో ఒక మందుల కొట్లో పనికి కుదిరి ఆరు నెలలైంది. ఇంటర్ సైన్సు రెండుసార్లు తప్పినవాడికి తెల్లకోటు లేని వైద్యం అబ్బింది. ఊళ్ళో నన్ను 'అరడాక్టరు' అనేవారు. (వెక్కిరింపని నాకు చాలాకాలం తెలియలేదు.) ఎవరు కనిపించినా సూక్ష్మక్రిముల గురించి చెప్పేవాణ్ణి. ఆ వేసవిలో మా నాన్నకి కడుపునొప్పి వచ్చింది. కారణం నాకు వెంటనే తట్టింది: తరవాణి. అంతకు ముందురోజు ఆయన ఒక్కడే సగం పనసపండు ఖాళీ చేసిన సంగతి నా వైద్యంలో లెక్కకు రాలేదు.

"అమ్మా, అందులో కోట్ల క్రిములుంటాయి, తెలుసా?" అన్నాను.

"ఉంటే ఉండనీరా. మీ తాత ఎనబయ్యేళ్ళు తాగినాడు, అవేటి ఆయన్ని అడ్డుకున్నాయా?" అంది అమ్మ.

సైన్సు తెలియని వాళ్ళతో వాదించకూడదనుకున్నాను. ఆ ఆదివారం అమ్మా వదినా జీడిపిక్కలు ఏరడానికి తోటకి వెళ్ళారు. నేను కుండలోని తరవాణి మొత్తం, చుక్క మిగలకుండా, నీళ్ళు కాచే డేగిసాలో ఒంపాను. కొబ్బరిడొక్కలు ఎగదోసి మూడు పొంగులు రానిచ్చాను. ఆ వాసనకి పక్కింటి కుక్క లేచి వీధిలోకి వెళ్ళిపోయింది. ఈలోగా కుండని లోపలా బయటా మరుగునీళ్ళతో, బూడిదతో తోమాను. చల్లారాక అంతా మళ్ళీ కుండలో పోసి మూత పెట్టాను. నీళ్ళు శుద్ధి చేసే మాత్ర కూడా వేసేవాణ్ణే గాని, కొట్లో ఆ వారం అవి అయిపోయాయి. కలరా నుంచి ఊరిని కాపాడినంత తృప్తితో మంచమెక్కాను.

మర్నాడు నాన్న గ్లాసు దింపి, "ఏటే ఇది, సప్పగా ఉన్నాది?" అన్నాడు. ఎండ చాల్లేదేమో అంది అమ్మ. (మే నెల. ఎండ చాలకపోవడం ఏమిటో ఎవరూ అడగలేదు.) మూడోరోజు మూత తీసేసరికి పులుపు వాసన పోయి మురుగు వాసన వచ్చింది. గరిటె ఎత్తితే తీగలు సాగింది. అమ్మ కుండ ముందు చతికిలబడింది.

"ఏటి సేసినావమ్మా?" అంది వదినతో. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది.

"నానేటీ సెయ్యలేదత్తా."

"ముట్టకూడని రోజుల్లో ముట్టీసినావేటి?"

"లేదత్తా, ఒట్టు."

"మరి నువ్వొచ్చిన నెలకే ఇలగెందుకైపోద్ది? మా అత్త పోయినప్పుడు కూడా ఇది సెడిపోలేదు."

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అన్నయ్య గోడకున్న క్యాలెండరులో తిథులు చదువుతున్నాడు. నేను కంచం ముందు ఉల్లిపాయ కొరుకుతున్నాను. 'అమ్మా, కాచింది నేను' అనడానికి అదే సమయం. ఆ ఉల్లిపాయని ఎంతసేపు నమిలానో! నోరు ఖాళీ అయ్యేసరికి అమ్మ తీర్పు ఇచ్చేసింది: "నీ సెయ్యి పులుపుకి పడదు. ఇక కుండ జోలికి రాకు."

అక్కడితో ఆగినా కొంత నయం. తప్పు చేసినవాడికి నోరెక్కువ. మర్నాడు భోజనాల దగ్గర అందరినీ నవ్వించడానికి, "మా వదినది సప్పసెయ్యి" అన్నాను. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది, కొత్తకోడలు నవ్వక ఏం చేస్తుంది? ఆ పేరు వారంలో వీధి దాటింది, నెలలో ఊరు దాటింది. ఆవకాయ కలిపే రోజున ఆమెను ఆవాలు దంచడానికి పంపేవారు. పాలు తోడు పెట్టేవేళ ఆమె పక్కకి జరిగేది. ఆ పేరు పెట్టిందెవరో మాత్రం ఎవరికీ గుర్తులేదు, నాకు తప్ప.

దేవుడు నాకు శిక్ష వెయ్యలేదనలేను. కొత్త తోడు కోసం అమ్మ నన్నే కంచిలిలో ఉన్న పిన్ని ఇంటికి పంపింది. పిన్ని మూత బిగించిన స్టీలు క్యాను ఇచ్చింది. బస్సు కిక్కిరిసి ఉంది, క్యాను నా ఒళ్ళో వేడెక్కుతోంది. "ఏటి బావా అది, కల్లేటి?" అన్నాడు కండక్టరు. "తరవాణి" అన్నాను. "అందరూ అలగే అంతారు!" అన్నాడు. బస్సు ఒక గోతిలో పడ్డప్పుడు మూత ఫట్‌మని లేచింది. లోపలున్నదాంట్లో సగం ముందు సీట్లో ఉన్న పెళ్ళివారి పెద్దమనిషి తెల్ల లాల్చీ మీదకి వెళ్ళింది. ఆయన తిట్టిన తిట్లలో రెండు ఒరియా, మిగతావన్నీ నాకు అర్థమయ్యాయి. దిగేదాకా బస్సంతా నన్ను తాగుబోతు కిందే లెక్కగట్టింది. క్రిములు బతికున్నాయనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. ఇంటికొచ్చి మాత్రం అమ్మతో రోడ్డు బాగాలేదని చెప్పాను.

తర్వాత అన్నయ్య టెక్కలిలో సామాన్ల దుకాణం పెట్టాడు, నేను పలాసలోనే స్థిరపడ్డాను. ఈమధ్య నాకు కడుపు సరిగా ఉండడం లేదు. పలాసలో ఒక కుర్ర డాక్టరు పరీక్షలన్నీ చూసి, "ఇంట్లో పులియబెట్టినవి తినండి. చోడి అంబలి, తరవాణి, ఇంటి పెరుగు. వాటిలో మంచి క్రిములుంటాయి" అన్నాడు. అంతటితో ఊరుకోక, "పులిసిన తరవాత మాత్రం కాచకండి, అన్నీ చచ్చిపోతాయి" అన్నాడు. నాకు చెమట పట్టింది. ఆయన దానికి కూడా ఒక మాత్ర రాశాడు.

మరుసటి వారమే టెక్కలి వెళ్ళాను. వదిన కూతురు పురిటికి వచ్చి ఉంది. మునిమనవణ్ణి చూడ్డానికి అమ్మ కూడా అక్కడే ఉంది. సాయంత్రం వదిన పాలు కాచి, చల్లార్చి, వీధి గుమ్మంలోకి వెళ్ళి పక్కింటావిడని కేకేసింది: "ఓలప్పా, ఓపాలొచ్చి తోడేసి పోవే!"

"నువ్వే ఎయ్యొచ్చు గదా వదినా?" అన్నాను.

"నీకు తెల్దేటి బాబూ? నాది సప్పసెయ్యి. బాలింతరాలు తినీ పెరుగు, నానెందుకు ఏలెట్టడం?" ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. బయట వానొస్తోందన్నట్టు చెప్పింది. "ఇడ్లీపిండి కూడా కొట్టు నుంచే తెత్తాను. ఇన్నేళ్ళలో నాను దేనికీ తోడెట్టలేదు."

ఇన్నాళ్ళూ నేను దాన్ని పాత నవ్వులాట అనుకున్నాను. ఆమె దాన్ని నమ్మి బతికింది.

"వదినా, ఆ తరవాణి సెడగొట్టింది నాను. మీరు తోటకెల్లినప్పుడు కాసీసినాను."

ముందు తేరుకున్నది కుర్చీలో ఉన్న మా అమ్మ. "తరవాణి కాసీడమేటిరా? పొయ్యి మీదెట్టా?"

"పొయ్యి మీదే. మూడు పొంగులు."

"ఓరెదవా! మా అత్త ఇచ్చిన పులుపురా అది!" అంటూ విసనకర్ర తిరగేసి రెండు వేసింది. ఏభై దాకా వచ్చాక తల్లి చేత దెబ్బలు తినడంలో ఒక సుఖం ఉంది, అనుభవిస్తే గాని తెలియదు. బాలింతరాలు గదిలోంచి పకపకా నవ్వింది. వదిన నవ్వలేదు.

"మరి ఆ పేరు?" అంది.

"అదీ నానే ఎట్టినాను."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. ఏడుస్తోందేమోనని భయపడి తొంగి చూశాను. చేతులు రెండుసార్లు కడుక్కుని, పాలగిన్నె ముందు నిలబడి ఉంది. అప్పుడే వచ్చిన పక్కింటావిడతో, "నువ్వెలిపోవే అప్పా, నానేసుకుంతాను" అంది. చెంచాడు పెరుగు వేసి, కలిపి, మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచింది.

నేను పలాస వెళ్ళకుండా ఉండిపోయాను. తెల్లారేసరికి అందరం వంటింట్లో ఉన్నాం. వదిన మూత తీసి గిన్నెని కొంచెం ఒంచింది. పెరుగు కదల్లేదు. ఇంకొంచెం ఒంచింది. "సాల్లేవే, ఒలికిపోద్ది!" అంది అమ్మ. కత్తితో కోయొచ్చు, అంత గట్టిగా ఉంది. వదిన నలుగురికీ గిన్నె తిప్పి చూపించింది. మా అమ్మ గోడ వైపు చూస్తూ, "ఈయేడు ఆవకాయ నువ్వే కలుపు" అంది. క్షమాపణ అనే మాట ఆవిడకి అలవాటు లేదు.

"కలుపుతాను. ఉప్పు దగ్గర మాత్రం మీరు మాటాడకండి" అంది వదిన.

బస్సుకి బయల్దేరుతుంటే నాకు తట్టింది: తప్పు ఒప్పుకున్నాను గాని, క్షమించమని ఇంకా అడగలేదు. గొడవ చల్లారింది కదా, మెల్లగా జారుకుంటే పోదా అని నాలోని అరడాక్టరు సలహా ఇచ్చాడు. పాపం, వాడింకా కుర్రవాడే. వాణ్ణి చూసి నవ్వొచ్చింది. చెప్పులు విడిచి వెనక్కి వెళ్ళాను.

"వదినా, సేసింది నాను, పడింది నువ్వు. నువ్వు ఏడుస్తంటే సూస్తూ కూకున్నాను. తప్పయిపోనాది. నన్ను సెమించు."