అందరికీ జూన్, నాకు డిసెంబర్

నా జీవితంలో ఒక ఏడాది మొత్తం నా తలవెంట్రుకల వల్ల పోయింది. రాలిపోయిన వెంట్రుకల వల్ల కాదు, ఇంకా రావలసిన వెంట్రుకల వల్ల. ఈ కథ విని మా వీధిలో నవ్వని మనిషి లేడు, మీరూ మొహమాటపడకుండా నవ్వండి. కాకపోతే ఒక్క సంగతి ముందే చెప్పి పెడతాను. ఆ ఏడాది పోగొట్టుకునే నాటికి సిద్దిపేటలో నాకంటే తెలివైనవాడు లేడు. ఈ మాట చెప్పేవాణ్ణి నేనే కాబట్టి అనుమానం అక్కర్లేదు.

కిర్గిజ్‌స్తాన్‌లో మెడిసిన్ చదివి ఇంటికొచ్చాను. బయటి దేశంలో చదివినవాళ్లు ఇక్కడ రోగి మీద చెయ్యి వెయ్యాలంటే ముందు లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. అది ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. పాసయ్యాక ఏడాది పాటు ఇంటర్న్‌షిప్, అది ముగిశాకే పీజీ సీటుకు దరఖాస్తు. చిక్కంతా ఇక్కడే ఉంది. జూన్‌లో పాసైతే అన్నీ సమయానికి ముగిసి పీజీ దరఖాస్తు చేతికందుతుంది. డిసెంబర్‌కి జరిగితే గడువు దాటిపోయి ఇంకో ఏడాది ఆగాలి. అలాగని సగం చదువుతో జూన్‌లో కూర్చుంటే తప్పుతామేమోనన్న భయం. ఎప్పుడు రాయాలన్న ఈ ఒక్క ప్రశ్నకు మా బ్యాచ్‌వాళ్లు అన్నం మానేసినంత పని చేశారు.

నాకు మాత్రం ఆ ప్రశ్న చక్కెర పానకం. మా ఇంటి ముందుగదిలో నాన్న, అదే మా బాపు, చీరలు నేసే మగ్గం ఒక వైపు, నా కుర్చీ ఒక వైపు. గోడ మీద పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి పెద్ద చార్టు గీశాను. దరఖాస్తు చివరి తేదీ, పరీక్ష, ఫలితం, ఇంటర్న్‌షిప్, పీజీ గడువు, అన్నీ రంగు రంగుల గీతల్లో ఉండేవి. ఆ నోటా ఈ నోటా పడి గజ్వేల్ నుంచి, చేర్యాల నుంచి, కోహెడ నుంచి కూడా మాలాంటి డాక్టర్లు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ల పేరు పైకి చదువుతూ చార్టులో జూన్ కింద రాసేవాణ్ణి. మా వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర కన్నా మా గడప ముందు చెప్పులు ఎక్కువ. నేను అవ్వా అని పిలిచే మా అమ్మ చాయ్ పెట్టలేక విసిగిపోయేది.

వచ్చినవాళ్లందరిలో మొండిది కోహెడ రజిత. వాళ్లది పత్తి వేసే ఇల్లు, ఇంట్లో మొదటి డాక్టర్ ఆమే. పుస్తకం తెరవకుండానే సగం చెప్పగలదు, కానీ తనకేమీ రాదని గట్టి నమ్మకం.

"నేను డిసెంబర్‌ల రాస్త అన్నా. ఇప్పుడైతే నాతోని గాదు," అంది.

"డిసెంబర్‌ల ఏమైతది?" అన్నాను కాలు మీద కాలేసుకుని.

"మంచిగ సదువుకోని పోత."

"నవంబర్‌ల గూడ గిదే మాటంటవ్. మొత్తం తయారైనంక రాస్త అనేటోళ్లు ఎన్నడు రాయరు. తేదీ పెట్టుకుంటెనే తయారైతరు. ఒక్క ఏడాది ఎందుకు పాడు చేసుకుంటవ్?"

ఈ చివరి వాక్యం నాకెంతో ఇష్టం. ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ణి. నెల రోజులు చెప్పగా చెప్పగా రజిత జూన్‌కి ఒప్పుకుంది. దరఖాస్తు నా ఎదుటే నింపించాను. ఫొటోలో ఒక చెవి జుట్టు చాటుకు పోయిందని ఆమెను మళ్లీ స్టూడియోకి తోలాను. "రెండు చెవులు కనవడాలె. లేకుంటే తిరగ్గొడ్తరు," అన్నాను, ఆ నియమం నేనే రాసినట్టు.

ఇక నా ఫొటో సంగతి. నేను డాక్టరై క్షేమంగా వస్తే వేములవాడ రాజన్నకు తలనీలాలిస్తానని అవ్వ మొక్కుకుంది. మొక్కింది ఆమె, తల నాది. విమానం దిగిన వారానికి నా తల నున్నగా అయ్యింది. దరఖాస్తు మొత్తం అందరికంటే ముందు నింపేశాను గానీ, ఫొటో దగ్గర ఆగిపోయాను. జీవితాంతం ఉండే లైసెన్స్ కదా, దాని మీద గుండుతో ఎలా ఉంటాం అనుకున్నాను. నాలుగు వెంట్రుకలు రానీ, చివరి వారంలో పెడదాంలే అని దరఖాస్తును సగంలో భద్రపరిచాను. రోజూ పొద్దున అద్దంలో తల నిమిరి చూసుకునేవాణ్ణి. విత్తనాలు వేసిన రైతు కూడా చేనుకి అన్నిసార్లు పోడు.

అవ్వ మాత్రం ఒకసారి అడిగింది. ఆమె బడికి పోలేదు, చార్టు మీది గీతలు తప్ప అక్షరాలు తెలియవు.

"గందరి పేర్లున్నయి గద బిడ్డా, నీ పేరేది?"

"నేను రాసేటోన్ని అవ్వా. నా పేరెందుకు?"

"మరి నీ కాయితం నింపినవా?"

"అవ్వా, ఊరందరికి నింపుతున్న. నాది నింపనా?"

ఆమె చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు నేను ఆమెవైపు చూసిన చూపు తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు ఎర్రబడతాయి. రెండు చెవులూ.

చివరి వారం వచ్చింది. వెంట్రుకలు అర అంగుళం వచ్చాయి, ఇంకో రెండు రోజులు ఆగితే దువ్వెన ఆనుతుంది. చివరి రోజు పొద్దున నా బాల్య స్నేహితుడు అఫ్రోజ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాడూ నాతోపాటే చదివాడు.

"భయ్యా, ఇరుక్కపోయిన. పాస్‌పోర్ట్‌ల నా పేరు ఎనుక మా అబ్బాజాన్ పేరుంది. సర్టిఫికెట్‌ల లేదు. దరఖాస్తు తీస్కుంటలేదు."

"నేనున్న గద," అన్నాను. ఈ రెండు మాటలు అనడంలో ఉన్న సుఖం మరి దేనిలోనూ లేదు. నోటరీ దగ్గరికి, అక్కడి నుంచి జిరాక్స్ షాపుకి, మళ్లీ నోటరీ దగ్గరికి, చివరికి మీసేవ కేంద్రానికి. ఎండలో వాడి బండి మీద ఊరంతా తిరిగి, గడువు ముగిసే ముందు వాడి దరఖాస్తు పంపించాం. అఫ్రోజ్ నన్ను నడిబజార్లో కౌగిలించుకున్నాడు. ఇంటికొచ్చి చార్టులో చివరి పేరుకి టిక్కు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని చూసుకున్నాను. ఒక్కరు కూడా మిగల్లేదు. ఆ సాయంత్రం నా ఛాతీ చొక్కాలో పట్టలేదు.

జూన్‌లో పరీక్షకు నాలుగు రోజుల ముందు రజిత ఫోన్ చేసింది.

"అన్నా, హాల్‌టికెట్ వచ్చింది. నీకు సెంటర్ ఏడ పడ్డది?"

"చూసి చెప్త," అని ల్యాప్‌టాప్ తెరిచాను. దరఖాస్తు అసంపూర్ణం అని ఉంది. ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ చతురస్రం. తలమీద చెయ్యి పెట్టుకున్నాను. దట్టంగా, నల్లగా, ఎంతో అందమైన జుట్టు తగిలింది.

నిజం చెప్పేస్తే అప్పుడే అయిపోయేది. కానీ ఊరికి తేదీలు చెప్పే మనిషి తన తేదీ మరిచిపోయాడని ఏ నోటితో చెప్పను? కాసేపు ఆలోచించి మగ్గం దగ్గరికి పోయాను.

"బాపు, నేను మస్తు ఆలోచించిన. డిసెంబర్‌ల రాస్త."

బాపు పోగుల మధ్య నాడె ఆడించడం ఆపకుండానే అన్నాడు. "నీకు తెల్వంది ఏముంది బిడ్డా. నువ్వు సోంచాయించే చేస్తవ్."

ఆ నమ్మకం ముల్లులా గుచ్చుకుంది. కానీ గుచ్చుకోవడం ఒక్కటే జరిగింది. అవ్వ మాత్రం బియ్యం చెరగడం ఆపింది.

"డిసెంబర్ వద్దని గా కోహెడ పిల్లకు నెల దినాలు చెప్పితివి గద?"

"గది వేరే అవ్వా."

"ఒక్క ఏడాది ఎందుకు పాడు చేసుకుంటవ్ అంటివి గద?"

నా ఇష్టమైన వాక్యం, నా గొంతుతో సహా, మా అవ్వ నోట్లో నుంచి వచ్చింది. ఫోన్ వచ్చిందని అబద్ధమాడి వాకిట్లోకి పోయాను.

అక్కడితో ఆగితే ఇది చిన్న అబద్ధమే. బజార్లో అఫ్రోజ్ కనపడితే వాడికీ అదే చెప్పాను, డిసెంబరే నయమని లెక్క తేలిందని. వాడు రజితకు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే కోహెడ బస్సు దిగి రజిత మా ముందుగదిలో కూర్చుంది. వెనకాలే అఫ్రోజ్ కూడా వచ్చాడు.

"అన్నా, నువ్వు డిసెంబర్‌కు మారినవంట."

"అవును."

"అంటే జూన్ల ఏదో లోపమున్నట్టే గద. నువ్వే తయారు గాలేదంటే నేనెంత? నేను గూడ పోను. మా నాయినకు చెప్పి వచ్చిన."

"రజితా, నువ్వు రాయాలె."

"ఎట్ల రాస్త? నువ్వు చెప్పినవనే ఒప్పుకున్న. నువ్వే ఆగినంక నాదేముంది?"

అఫ్రోజ్ గొంతు సవరించుకున్నాడు. "భయ్యా, నేను గూడ అదే అనుకుంటున్న."

చార్టు వైపు చూశాను. జూన్ కింద వరుసగా పేర్లు. ఒక్కొక్కరే మా గడప తొక్కి, డిసెంబర్ అని చెప్పి వెళ్లిపోవడం కళ్ల ముందు కనపడింది. నా ఏడాది ఎలాగూ పోయింది. ఈ పిల్ల ఏడాది కూడా నా పరువు కింద పడి నలుగుతుంది. ఆమె లేచి చెప్పులేసుకోబోతోంది.

"రజితా, కూసో. నేను మారలే. నేను అప్లికేషనే వెయ్యలే."

"ఏంది?"

"మర్శిన."

"ఏం మర్శినవ్?"

"అప్లికేషన్ పంపుడు మర్శిన. గుండుతోని ఫొటో వద్దనుకున్న. ఎంటికలు వచ్చినంక పెడదామనుకున్న. ఎంటికలు వచ్చినయి, తేదీ పోయింది."

మగ్గం చప్పుడు ఆగింది. అఫ్రోజ్ నోరు తెరిచాడు. "ఆఖరి దినం నా ఎంబడి తిరుగుతున్నప్పుడు గూడ నీది వెయ్యలేదా?" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. రజిత ముందు నా ముఖం చూసింది, తర్వాత నా జుట్టు చూసింది. ఆపుకోవాలని చాలా ప్రయత్నించింది, పాపం. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ముక్కులోంచి వచ్చింది. ఆ వెనక అవ్వ, ఆ వెనక అఫ్రోజ్ కళ్లనీళ్లతోనే.

"మరి నువ్వు చెప్పిన లెక్క సక్కదే గద?" అంది నవ్వు ఆగాక రజిత.

"లెక్క సక్కదే. నేనే సక్కగ లేను."

"అయితే రాస్త," అని లేచింది.

వాళ్లు వెళ్లాక బాపు మగ్గం గుంటలోంచి పైకి వచ్చాడు. తిడతాడని తల వంచుకుని నిలబడ్డాను.

"జూన్ల నా కొడుకు పరీచ్చ రాస్తుండని చేనేత సంఘంల అందరికి చెప్పిన," అన్నాడు.

"తప్పయింది బాపు."

"రేపు పొయ్యి ఇంకోటి చెప్త. ఒక ఆడపిల్ల ఏడాది పోవద్దని నా కొడుకు తన పరువు తనే తీసుకున్నడని చెప్త. పరీచ్చదేముంది, మల్ల వస్తది." ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "నేను గూడ గంతే బిడ్డా. ఎందరి పెండ్లిళ్లకో గొల్లభామ చీరెలు నేసిన. మీ అవ్వకు ఒక్కటి నేస్తనని పెండ్లయిన కాన్నుంచి చెప్తున్న, ఇంక నెయ్యలే."

"నేస్త నేస్త అంటనే ఉన్నడు," అంది అవ్వ లోపలి నుంచి. "తండ్రి చీర మర్శిండు, కొడుకు పరీచ్చ మర్శిండు. ఇద్దరు ఊరి కోసమే పుట్టిన్రు. నేనొక్కదాన్నే గీ ఇంటి కోసం పుట్టిన."

ఆ వారమే బాపు మగ్గానికి కొత్త పడుగు ఎక్కించి అవ్వ చీర మొదలుపెట్టాడు. తలమీద కడవతో గొల్లభామల బొమ్మలు వరుసగా అంచులో నడుస్తుంటే, ఈ పక్క కుర్చీలో నేను చదివాను. చార్టు మీద అందరికన్నా పైన అఫ్రోజ్ చేత నా పేరు రాయించింది అవ్వ. చదవలేకపోయినా రోజూ దాన్ని ఒకసారి తడిమి చూసేది. జూన్ పరీక్షలో రజిత పాసైంది, అఫ్రోజ్ పాసయ్యాడు, చార్టులో ఉన్న ప్రతి పేరూ పాసైంది. ఒక్కొక్కరు మిఠాయి డబ్బాతో వచ్చినప్పుడు కడుపులో ఏదో మండిన మాట నిజమే. దానికంటే గర్వం ఎక్కువగా ఉందన్న మాట కూడా నిజమే. డిసెంబర్ దరఖాస్తు తెరిచిన మొదటి గంటలోనే రజిత నా పక్కన కూర్చుని నాది నింపించింది. నా ఫొటో పైకెత్తి చూసి, "చెవులు రెండు కనవడుతున్నయి, నడుస్తది," అంది.

పాసయ్యాను. రజిత కంటే నాలుగు మార్కులు ఎక్కువ. ఆమె అడగకపోయినా ఈ సంగతి అప్పుడప్పుడు చెబుతుంటాను. నా లైసెన్స్ వచ్చిన రోజు అవ్వ గొల్లభామ చీర కట్టుకుని వీధి మొత్తం తిరిగింది, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ రెండూ చూపించింది.

ఇప్పుడు నేను కాన్పుల విభాగంలో పీజీ మొదటి సంవత్సరం. అదే విభాగంలో నాకంటే ఏడాది ముందున్న సీనియర్ రజిత మేడం. ఆమె పిలిస్తే లేచి నిలబడతాను, ఆమె ముందు కాలు మీద కాలేసుకోను. అంతేకాదు, మా బాపు మగ్గం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరికీ ఏ తేదీ చెప్పను, పండగ ఎప్పుడని అడిగినా సరే.

మొన్న ఒక పెద్దామె తన కోడలి రిపోర్టులు నా ముందు పెట్టింది.

"సారూ, మా కోడలు ఏ తారీకుకు కంటది?"

"తారీకులు నేను చెప్పనవ్వా. మేడంను అడుగు."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "గింత గూడ తెల్వదా? నువ్వు డాక్టర్ ఎట్లయినవ్ బిడ్డా?"

"డిసెంబర్‌ల అయిన అవ్వా," అన్నాను.