ఇనుప బల్ల కింద పిప్పరమెంటు డబ్బీ

మా అక్క కొడుకు దుబాయిల పనిచేసెటోడు. ఛుట్టీకి వచ్చినప్పుడల్లా అందరికీ సబ్బులు, సెంట్లు తెస్తే నాకు మాత్రం పిప్పరమెంటు బిళ్లల రేకు డబ్బీలు తెచ్చెటోడు. జేబుల పట్టేంత డబ్బీ, మూత టక్కున పడ్తది. బిళ్లలు ఇంట్ల పిల్లలు ఖతం చేసెటోళ్లు, డబ్బీలు నాయి. నారాయణఖేడ్‌ల నాది సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. స్క్రూలు, స్ప్రింగులు, ఫోన్ల సామానంతా ఆ డబ్బీలల్లనే ఉండేది.

నా సంగతి ఒకటి ముందే చెప్పాలె. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్లు పడిపోయినయ్. చేతులతోని తిప్పే మూడు చక్రాల బండి మీద దుకాణానికి వస్త, పోత. నన్ను చూసి అయ్యో పాపం అనేటోళ్లంటే నాకు ఒళ్లు మండుతది. ఇప్పటికీ అంతే.

2010 తర్వాతి ముచ్చట. దుకాణంల ఇంటర్నెట్ పెట్టుకున్నంక ఒక ఆట కనవడ్డది. జియోక్యాషింగ్ అంటరు. ఒక జాగల చిన్న డబ్బీ దాచి, దాంట్ల కాగితం పెట్టి, ఆ జాగ అక్షాంశం రేఖాంశం వెబ్‌సైట్‌ల ఎక్కిస్తరు. ఎవరో ఎక్కడినుంచో ఫోన్ల జీపీఎస్ చూసుకుంట వచ్చి వెతుకుతరు. దొరికితే కాగితం మీద పేరు రాసి, డబ్బీ మళ్ల ఆడనే పెట్టి పోతరు. ఇనాము లేదు, ఏం లేదు. మ్యాపు తెరిచి చూస్తే హైదరాబాదుల చుక్కలున్నయ్. మా దిక్కు మనూరు, కల్హేర్, బోరంచ అంతా ఖాళీ. నాకు రోషమొచ్చింది. ఏం, మా తాన డబ్బీ దాయనీకి రాళ్లు లేవా?

లోపలి మాట చెప్పాల్నంటే అది కాదు. ఊర్లు తిరుగుడు నాతోని కాదు. అందుకే ఎవడన్న ఒక్కడు, నా చేత్తోని నేను దాచినదాని కోసం, బండిల పెట్రోలు పోసుకొని నా ఊరికి రావాలె. గదే పట్టింది నాకు. పట్టిందంటే ఇగ పట్టిందే.

నాకో దోస్తు ఉన్నడు, మనూరు రోడ్డుల షేరింగ్ ఆటో నడుపుతడు. ఇంట్ల ఉర్దూ, నాతోని తెలుగు, కోపమొస్తే రెండూ. వానికి ఆట సమజ్ చేసి చెప్పే వరకు తలప్రాణం తోకకొచ్చింది. "డబ్బీల ఏముంటది?" అన్నడు. కాగితం అన్న. "కాగితం కోసం హైదరాబాదు నుంచి వస్తరా? దిమాగ్ ఖరాబైందా నీకు?" అన్నడు. అన్నడు గని, ఆటో తీసిండు.

పొలం గట్ల కింద పెట్టొద్దని మాత్రం ఇద్దరం ముందే అనుకున్నం. గట్టు కింద మూత బిగించిన డబ్బీ, దాంట్ల రాత, ఎవరన్న చూస్తే బాణామతి, చేతబడి అంటరు, ఊరు ఊరే పరేషాన్ అయితది. అందుకని రోడ్డు పక్క గుట్ట మీద బండల సందు చూసినం. డబ్బీ మీది రంగుల బొమ్మ ఉప్పుకాగితంతోని గీకి, నా బండికి వేసే ఆకుపచ్చ రంగే వేసిన. ఆ మూతలు చూడనీకి బిగువే గని నీళ్లకు ఆగవు. సైకిల్ ట్యూబు సన్నగ కోసి అంచు పొంటి అతికిచ్చిన. దోస్తు గుట్టెక్కి పెట్టొచ్చిండు. నేను కింద ఆటోల కూసున్న.

కొన్ని దినాలకు ఒక గొర్లకాపరి తాత ఫోన్ ఛార్జింగుకని దుకాణానికి వచ్చిండు. అరుగు మీద కూసోని జేబుల నుంచి డబ్బీ తీసిండు. ఒక దిక్కు తంబాకు, ఒక దిక్కు సున్నం, నడుమ అట్టముక్క. ఆకుపచ్చ రంగు. నా డబ్బీ.

"తాతా, గా డబ్బీ ఏడదే?" అన్న.

"గుట్ట మీద దొరికిందిరా. మంచిగున్నది. మూత ఎంత బిగువున్నదో చూడు, ట్యూబు గూడ వేసిండ్రు, సున్నం ఎండుతనే లేదు."

"దాంట్ల కాగితం ఉండె గదా?"

"ఉండె. చుట్ట ముట్టిచ్చుకున్న."

నాకు నవ్వాల్నో తిట్టాల్నో తెల్వలే. తిట్టిన. ఆయన తంబాకు నలుపుకుంట అంతా నిమ్మళంగ విన్నడు. తర్వాత ఇంకో డబ్బీ పెట్టిస్తే అది ఇంకో కాపరి నడుముల సంచిల తేలింది. మా దిక్కు తంబాకు తినేటోనికి గట్టి మూతున్న డబ్బీ కనవడితే, అది ఎవరిదని అడుగుతడా? సున్నం ఎండకుంటే చాలు వానికి. దోస్తేమో కారప్పొడి నింపి పెడ్దాం, బుద్ధొస్తది అన్నడు. వద్దన్న. దుకాణంల ఉన్న డబ్బీలన్నీ ఖాళీ చేసి, ట్యూబు వేసి, ఆ గుట్ట దిక్కు గొర్లు మేపే ప్రతి మనిషికి ఒకటి చేతుల పెట్టిన. ఎవరిది వాళ్లకుంటే నాది ముట్టరు. నా స్క్రూలన్నీ పాత టీ కప్పులల్లకు పోయినయ్, పోతే పోనీ.

దాంతోని డబ్బీలు పోవుడు ఆగింది. మూడోసారి పెట్టిచ్చిన డబ్బీ గుట్ట మీద భద్రంగ ఉన్నది. అప్పుడు వెబ్‌సైట్‌ల ఎక్కియ్యనీకి పోతే, అది చూసుకునే మనిషి ఒక ప్రశ్న పంపిండు. డబ్బీ తడిస్తే, పోతే, అప్పుడప్పుడు పోయి చూసుకునేది ఎవరు?

నేను అని రాసిన. రాసి, పంపకుండ అట్లనే కూసున్న.

"పంపురా. నేను చూస్తలేనా?" అన్నడు దోస్తు.

"పెట్టింది నువ్వు. చూసేది నువ్వు. ఇగ నాదేంది దాంట్ల?"

"నీ కోసమే గదరా ఎక్కుతున్న. ఎహసాన్ తెల్వది నీకు, చేసిన మేలు తెల్వది."

వాని మాట నిజమే. వాని మోకాళ్లు చెక్కుకపోయినయ్ నా పిచ్చి కోసం. అయినా నాకు దుఃఖమొచ్చింది, దుఃఖమొస్తే నాకు కోపమొస్తది. ఆ గుట్ట మీది డబ్బీని నేను ఒక్కసారి కండ్లతో చూడలే. గొర్లకాపరులు చూసిండ్రు, గొర్లు గూడ చూసినయ్. ఎవడన్న వచ్చి దాన్ని పట్టుకుంటే ఆడ నేనుంటనా? తీసుకురాపో దాన్ని అన్న. దోస్తు తిట్టుకుంట తెచ్చి గల్లా మీద విసిరిండు. చాన రోజులు మాట్లాడలే.

మనూరు రోడ్డు చీలే కాడ రేకుల బస్ షెడ్డు ఉన్నది. ముందు మెట్లు లేవు, నా బండి లోపలిదాక పోతది. దాంట్ల ఇనుప బల్ల. పాత స్పీకర్ పగలగొట్టి అయస్కాంతం తీసి, గట్టి గమ్ముతోని డబ్బీ అడుగుకు అంటించిన. పంచాయతీల అడిగితే నవ్వి, పెట్టుకో పో అన్నరు. ఎవరూ లేని యాళ్ల చూసి, బండిని బల్ల పక్కకు ఆనిచ్చి, వంగి, చెయ్యి కిందికి వేసి పెట్టిన. ఠక్కుమని అంటుకున్నది. ఆ చప్పుడు నా చేతికి తెలిసింది. ఎంత సంబురమైందో చెప్పలేను.

ఆ జాగ ఎంత కష్టమో ఒకటి నుంచి అయిదు దాక అంకె వెయ్యాలె వెబ్‌సైట్‌ల. అయిదంటే తాళ్లు కట్టుకొని ఎక్కేది. ఒకటంటే చక్రాల కుర్చీ గూడ పోయేది. ఒకటి వేసిన. చూసుకునేది ఎవరంటే నేను అని రాసి, ఈసారి పంపిన.

ఇగ ఎదురుచూసుడు. దుకాణం మూసినంక రోజూ షెడ్డు కాడికి పోయెటోన్ని. బల్ల మీద కూసున్నోళ్లకు తెల్వది, కింద నా డబ్బీ ఉన్నదని. వానకాలంల మూత తీసి ఆరబెట్టిన, కాగితం మార్చిన, తుప్పుకు మళ్ల రంగు పూసిన. ఎవడూ రాలే. దోస్తు మెల్లగ మాటలు కలిపి, "వచ్చిండా నీ హైదరాబాదు అల్లుడు?" అని ఎగతాళి చేసెటోడు. వస్తడు అనెటోన్ని. రాకుంటే ఏంది అంటే, వచ్చేదాక రంగు పూస్త అనెటోన్ని.

ఒక పొద్దుగూకే యాళ్ల నేను షెడ్డుల ఉండంగ మోటర్ సైకిల్ మీద ఒక పిల్లగాడు దిగిండు. వీపున సంచి, చేతుల ఫోను. షెడ్డు చుట్టు తిరిగిండు, రేకుల మీద చెయ్యి పెట్టి చూసిండు, ఇటుకల సందులు చూసిండు. మాటిమాటికి నా దిక్కు చూస్తుండు, ఈయన పోతే బాగుండు అన్నట్టు. నేనెందుకు పోత?

చివరికి బల్ల మీద కూసోని, షూ లేసు కట్టుకున్నట్టు వంగి, కింద చెయ్యి పెట్టిండు. మొఖం వెలిగిపోయింది. డబ్బీ తీసి, కాగితం విప్పి, మీద ఒక్క పేరూ లేదని చూసి తనలో తాను నవ్వుకున్నడు. రాసుకున్నడు. నేను చూసిన్నని తెలిసి, ఇగ దాయలేక నన్నే అడిగిండు.

"అన్నా, ఇది ఇక్కడ పెట్టినాయన మీకేమైనా తెలుసా? ఈ చుట్టుపక్కల గుట్టలన్నీ ఎక్కే మనిషై ఉంటాడు. దీనికోసమే హైదరాబాదు నుంచి వచ్చాను, కనిపిస్తే చెప్దామని."

బండిని వాని దిక్కు తిప్పిన.

"నేనే" అన్న.

పుట్టి బుద్ధెరిగినకాన్నుంచి ఎవరు నన్ను కొత్తగ చూసినా ముందుగాల కాళ్లే చూస్తరు. ఆ పిల్లగాడు నా చేతులు చూసిండు.